సూదికనుమలో ఇరుక్కున్న ఇల్లు

ఒకటి

ఇల్లు ఈ ఉదయం కుడి ముందుకాలు వేసి బయల్దేరింది. శుభం అంది నాంచారమ్మ. ఎడమకాలు వేసి ఉంటే ఏమనేదానివని అడిగాను.

"మీకు పగ్గం పట్టుకోవడం రాదనేదాన్ని" అంది.

నాంచారమ్మ నా భార్య. నా పేరు గవర్రాజు. లంకపాడులో ఆటుపోట్లు ప్రకటించే ఉద్యోగం. "మాన్య ప్రజలకు మనవి. పోటు వస్తున్నది. మీ మీ ఇళ్ళను లేపి నిలబెట్టుకోగలరు" అని రోజూ మైకులో వినపడే గొంతు నాదే. అన్నానికి పిలిచినా అదే గొంతుతో పిలుస్తానని ఇంట్లో ఫిర్యాదు. ఊరు దాటి ఇల్లు నడిపేవాళ్ళు ప్రయాణం సంగతులు చెప్పి రికార్డు చేయాలని చట్టం ఉంది. అందుకని వంటింటి స్తంభంలో ఉన్న చిల్లుల బిళ్ళకు నోరు దగ్గర పెట్టి ఇదంతా చెబుతున్నాను. వెనకాల పోపు చిటపటలు వినిపిస్తే క్షమించాలి.

మాతో చిన్నత్తగారు కూడా ఉన్నారు. నాంచారమ్మకు పిన్ని, పేరు తాయారమ్మ. అసలీ ప్రయాణమే ఆవిడ పట్టుదల. మేం వెళ్తున్నది ఎర్రదొంతుల జాతీయ వనానికి. అక్కడ రాళ్ళున్నాయి.

మా వైపు బురద, నీళ్ళు, రెల్లు తప్ప ఇంకేమీ లేవు. రాయి అన్న మాట మిగిలింది గానీ, రాయిని కళ్ళారా చూసినవాడు లంకపాడులో ఒక్కడూ లేడు. అయినా గుండె రాయి చేసుకోమంటాం. చేతికందిన రాయి విసిరాడంటాం. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించాలంటే చెక్కదిమ్మకు బూడిదరంగు పూసి తొక్కిస్తాం. నా పెళ్ళిలో ఆ రంగు ఆరక నాంచారమ్మ బొటనవేలు నెలరోజులు బూడిదరంగులోనే ఉంది.

"మీ చిన్నమావగారిని కాపురానికొచ్చినప్పట్నించీ బండరాయి, బండరాయి అని తిడుతున్నాను నాయనా" అన్నారు చిన్నత్తగారు. "అసలు బండరాయి ఎలా ఉంటుందో చూడకుండా తిట్టడం న్యాయమా? ఒక్కసారి చూశాననుకో, నాకూ తృప్తి, తిట్టుకూ బలం."

చిన్నమావగారు రాలేదు. రమ్మని పిలిస్తే మంచం మీద అటువైపు తిరిగి పడుకున్నారు.

రెండు

బురద అయిపోయింది. గట్టినేల మొదలైంది.

మా ఇల్లు పుట్టి బుద్ధెరిగాక గట్టినేల మీద నడవలేదు. ఒక్కో కాలూ వేసి, నేల లోపలికి పోకపోయేసరికి అనుమానంగా ఆగి, మళ్ళీ ఇంకో కాలు వేస్తోంది. తడిలో నడిచే పిల్లి లాగా. అలమరలో గ్లాసులు రోజంతా ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.

పొద్దున్నే ఆరు మోకాళ్ళకూ జిడ్డు పట్టించడం నా పని. ఇంటికి నాచు చెక్కలు మేపడం నాంచారమ్మ పని. సాయంత్రం ఇల్లు మోకరిల్లేటప్పుడు ముందుకాళ్ళే ముందు మడుస్తుంది కాబట్టి సామానంతా వీధిగుమ్మం వైపు దొర్లుకొస్తుంది. గిన్నెలన్నీ పాతచీరతో కట్టేయాలి. చిన్నత్తగారిని కూడా కట్టేయాలేమోనని నేననుకున్నాను గానీ, ఆవిడ స్తంభాన్ని కావలించుకుని కూర్చోవడం నేర్చేసుకున్నారు.

ఇక్కడ పొగమంచు లేదు. ఎండ నేరుగా తగులుతోంది. మధ్యాహ్నం పడగ్గది తలుపు పడలేదు. గోడ ముందుకొచ్చినట్టుంది. ఈమధ్యే వేయించుకున్న ఊపిరిగోడలు ఇవి. ఎండకు ఉబ్బుతాయి, చలికి ముడుచుకుంటాయి, లోపల ఎప్పుడూ చైత్రమాసమేనని చెప్పి అమ్మాడు గోడలవాడు. లంకపాడులో ఎండెక్కడిది? ఉబ్బడమంటే ఏమిటో మాకిప్పుడే తెలుస్తోంది.

"తడి తగలనివ్వకూడదని కూడా చెప్పాడు" అంది నాంచారమ్మ.

"మరి లంకపాడులో తడి తగలకుండా ఎలా?"

"అదే అడగమన్నాను మిమ్మల్ని. మీరేమో వాడికి ఆటుపోట్ల వేళలు చెప్పి పంపించారు."

మూడు

వనం గుమ్మం చేరాం. గుమ్మమంటే రెండు కర్రలు, మధ్యలో ఒక తాడు, తాడుకో గంట. పక్కనే మట్టిగుడిసె. గుడిసెలోంచి ఒక పొడుగాటి మనిషి చీపురు పట్టుకొని వచ్చింది. పేరు ఓబుళమ్మ. ఈ వనానికంతా కాపలా ఆవిడొక్కతే.

"రాళ్ళెక్కడమ్మా?" అన్నారు చిన్నత్తగారు కిటికీలోంచి.

"కనుమ దాటితే లోయ. లోయంతా రాళ్ళే. ముందు దిగండి, కాళ్ళు సూపించండి."

వచ్చేటప్పుడు మన మట్టి లోపలికి రాకూడదు, పోయేటప్పుడు ఇక్కడి ఇసుక రేణువొక్కటి బయటికి పోకూడదు. అదీ రూలు. మా ఇంటి ఆరు పాదాలూ ఆవిడే తుడిచింది. అంత శ్రద్ధగా నా పాదాలెవరూ ఏనాడూ తుడవలేదు.

లోయకు దారి ఒక్కటే. సూదికనుమ. రెండు నిలువు కొండల మధ్య పగులు. ఇల్లు ఆ రెండు కర్రల మధ్య గంట మోగకుండా దూరితే కనుమలోనూ దూరుతుందని లెక్క. మాది దూరింది. గంట మోగలేదు గానీ, కొంచెం ఊగింది.

ఓబుళమ్మ గోడ మీద అరచెయ్యి వేసి చూసింది. "ఇల్లు రోంత లావుగా ఉండాదే సామీ. రేపు ఎండెక్కక ముందే దాటిపోవల్ల. పొద్దెక్కినాక వస్తే నేను పంపీను."

మా వెనక ఇంకా ఇళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. మాకు ఆనుకుని ఉన్న ఇంటాయన వచ్చి పరిచయం చేసుకున్నాడు. పురుషోత్తం. పెళ్ళిళ్ళకు వంటలు చేస్తాడట. ఇంటి వెనక గుండిగలు కట్టి ఉన్నాయి, నడుస్తుంటే మేళంలా మోగుతాయి.

"అయ్యబాబోయ్, లంకపాడు గవర్రాజు గారా అండీ! మీ గొంతు మా ఊరిదాకా వినపడుద్దండీ. మా ఆవిడ మీ ప్రకటన వింటేగానీ పప్పు దించదండీ."

ఆయన భార్య సీతారావమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. మాట్లాడలేదు. ఆవిడకు ఉబ్బసం. పొడి గాలిలో నాలుగు రోజులుంటే తగ్గుతుందని ఎవరో చెబితే తీసుకొచ్చాడట.

నాలుగు

పొద్దు పొడవకముందే లేచాం. పొద్దు పొడవకముందే బయల్దేరాల్సింది. కాని చిన్నత్తగారు, మొదటిసారి రాయిని చూడబోతూ తలంటుకోకుండా ఎలా వెళ్తానన్నారు. తలంటుకున్నారు. తల ఆరాలి కదా అన్నారు. ఆరింది. ఖాళీ కడుపుతో చూస్తే కళ్ళు తిరుగుతాయన్నారు. నాంచారమ్మ పెసరట్లు వేసింది. వాసనకు పురుషోత్తం వచ్చాడు. వంటవాడు కాబట్టి అల్లం తక్కువైందని చెప్పి, మూడు తిన్నాడు.

ఓబుళమ్మ ఎండ వైపు చూసింది, మా ఇంటి వైపు చూసింది. "పొద్దింకా బాగా ఎక్కలేదు. పోతే ఇప్పుడే పోండి. లేదంటే రేపటికుండండి" అంది. నేను పోతామన్నాను.

కనుమలోకి దిగాం. రెండువైపులా కొండ. మొదటిసారి రాయిని చూశాను. చూశానంటే, కిటికీకి రెండు వేళ్ళ దూరంలో, కన్నంతా నిండిపోయేలా, ఎర్రగా. ఇంకేమీ కనపడలేదు. చిన్నత్తగారు చెయ్యి చాపి, "రాయేనా ఇది? గోడేమో అనుకున్నానే" అని నిరాశపడ్డారు.

సగం దూరం పోయాక ఇల్లు ఆగింది. పగ్గం లాగాను. ఇల్లు మూలిగింది. కుడిగోడ కుడికొండకు ఆనింది, ఎడమగోడ ఎడమకొండకు ఆనింది.

"ఏమైందండీ?" అని వెనక నుంచి పురుషోత్తం అరిచాడు.

"ఆగాం" అన్నాను.

"ఎందుకండీ?"

"మాన్య ప్రజలకు..." అని మొదలుపెట్టబోతే నాంచారమ్మ నా మోచేతి మీద గిచ్చింది.

ఐదు

ఇంకా అక్కడే.

ఆరు

ఇళ్ళకు వెనక్కి నడవడం రాదు. చేసినవాళ్ళు నేర్పలేదు. బురదలో వెనక్కి నడవాల్సిన అవసరమేముంది, చుట్టూ తిరిగొస్తే సరిపోతుంది కదా. ఇక్కడ చుట్టూ తిరగడానికి కొండ ఒప్పుకోదు. కాబట్టి మేం కదలకపోతే మా వెనక ఉన్న వరసంతా కదలదు.

మొదట వెనక నుంచి నెట్టారు. పురుషోత్తం ఇల్లు వచ్చి మా ఇంటికి నుదురు ఆనించి తోసింది. మా పెరటిమెట్లు విరిగాయి. గుండిగలు మోగాయి. అంతకుమించి ఏమీ జరగలేదు.

తర్వాత నాంచారమ్మ గోడ మీద చెయ్యి వేసి, పసిపిల్లతో మాట్లాడినట్టు, "వదులమ్మా, ఊపిరి వదులు" అని బతిమాలింది. ఇల్లు వదల్లేదు.

ఇళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి కాబట్టి జనం కిందికి దిగి, కాళ్ళ మధ్యనుంచి వంగి వంగి నడిచి మా ఇంటి కిందికి చేరారు. ఒక్కొక్కరూ ఒక్కో సలహా. కొందరు ముగ్గులు పెట్టమన్నారు. ఒకావిడ నాకు మధుమేహం ఉందా అని అడిగింది. దానికీ దీనికీ ఏమిటి సంబంధమో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

"చల్లబరచాలండీ!" అన్నాడు పురుషోత్తం. "బూరె నూనెలో పొంగుద్ది, బయటికి తీస్తే అణుగుద్ది. ఇదీ అంతేనండీ. తడిగుడ్డలు వేద్దాం."

తడి తగలకూడదని చెప్పే లోపే నాలుగిళ్ళవాళ్ళు నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించారు. చెప్పొద్దూ, క్షణం పాటు చాలా హాయిగా అనిపించింది. తర్వాత గోడలు పూరీల్లా పొంగాయి. అలమర ముందుకొచ్చి నా వీపుకు తగిలింది. స్నానాలగది తలుపు బిగుసుకుపోయింది, లోపల చిన్నత్తగారున్నారు. ఆవిణ్ణి పైనున్న కిటికీలోంచి లాగాల్సి వచ్చింది.

"నా తలంటు పాడైంది" అన్నారు ఆవిడ, బయటపడగానే.

"ఇంటికీ ఉబ్బసమేనండీ" అన్నాడు పురుషోత్తం. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. అప్పుడే వాళ్ళావిడ దగ్గు వినపడింది.

ఏడు

కొండ ఈల వేసింది.

సన్నగా, ఎక్కడో పైన. ఓబుళమ్మ మా ఇంటి కిందినుంచి వంగి నడిచి ముందువైపు వచ్చి, చెవి రాతికానించి విని, "ఎర్రగాలి లేస్తాంది" అంది. "సాయంత్రానికి ఈడికొస్తది."

గాలి గుమ్మం వైపు నుంచే వస్తుందట. ఈ పగుల్లో దూరేసరికి దాని బలం ఎన్నో రెట్లు పెరుగుతుందట. లోయలోకి చేరుకుంటే పెద్ద చూరురాయి ఉంది, దాని కింద ఇళ్ళు మోకరిల్లితే భయం లేదు. కనుమలోనే ఉండిపోతే మాత్రం ఇళ్ళను ఒకదాని మీదికొకటి తోసి నలిపేస్తుంది.

"నడిచి పోదాం" అన్నారెవరో.

"లోయ శానా దూరం సామీ. నడిచేటోళ్ళ కంటే గాలే ముందు పోతది. అందులో ఆ ఎర్రదుమ్ము పీలిస్తే మామూలు మనుషులకే ఊపిరాడదు."

అందరూ సీతారావమ్మ ఉన్న కిటికీ వైపు చూశారు. పురుషోత్తం ఎవరివైపూ చూడలేదు. వాళ్ళింట్లోకి వెళ్ళి గునపం పట్టుకొచ్చాడు. గాడిపొయ్యి తవ్వుకునే గునపం.

"కొంచెం చెక్కుతానండీ. ఇటు జానెడు, అటు జానెడు. అంతేనండీ."

ఓబుళమ్మ అడ్డంగా వెళ్ళి, వీపు రాతికి ఆనించి నిలబడింది. "చెక్కేటట్టయితే నన్ను మొదలు చెక్కు."

"అమ్మా, రాయి కోసం మనుషుల్ని చంపుకుంటామా?"

"మనుషుల కోసమే చెప్తాండా. ఇది ఇసుకరాయి. పైనుంచి కింది దాకా నిలువునా బీట్లు తీసుండాది. కింద జానెడు కొడితే పైన ఎంత వస్తదో నాకు తెల్దు, నీకు తెల్దు." ఆవిడ గొంతు తగ్గించింది. "నేనీడికొచ్చిన కొత్తలో ఒకడు పేరు చెక్కుకుంటానని ఉలి పెట్టినాడు. వాని పేరులో మొదటి అక్షరమే పూర్తి కాలేదు."

పురుషోత్తం గునపం దించలేదు. దాని మొన ఆవిడ భుజం పక్కన రాతికి ఆనించాడు. నవ్వుతూ మాట్లాడే మనిషి ముఖం అలా అయిపోవడం నేను చూడలేకపోయాను.

చూడలేక పైకి చూశాను. పైన మా ఇల్లు ఉబ్బి కూర్చుంది. నాంచారమ్మ కూడా మా ఇంటినే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. రాయి సన్నబడదు. సన్నబడాల్సింది మేమే. గోడలు లేకపోతే మా ఇంటికి మిగిలేది అస్థిపంజరం, పైకప్పు, నేల. స్తంభాల వరకైతే ఇల్లు హాయిగా దూరుతుంది.

కాని ఊపిరిగోడలు ఒకసారి ఊడదీస్తే మళ్ళీ అతకవని అమ్మినవాడు గట్టిగా చెప్పాడు. ఆ ఒక్క మాటా నాకు బాగా గుర్తుంది.

"ఏమంటారు?" అంది నాంచారమ్మ.

"నువ్వేమంటావు?"

"నేననేది తర్వాత. ఇంటాయన మీరు."

పెళ్ళయిన దగ్గర్నించీ నేను ఇంటాయన్నని ఆవిడ ఒప్పుకోవడం ఇదే మొదలు. ఎంత మంచి సమయం చూసుకుంది!

"ఊడదీద్దాం" అన్నాను. అనగానే ఆవిడ కొంగు బిగించి మేకులు ఊడదీయడం మొదలుపెట్టేసింది. ఆవిడ చేతిలో సుత్తి అప్పటికే ఉంది.

నేను వీధి అరుగు మీద నిలబడి గొంతు సవరించుకున్నాను. "మాన్య ప్రజలకు మనవి. మా ఇంటి గోడలు తీసివేయబడుచున్నవి. ఖాళీగా ఉన్నవారు వచ్చి ఒక చెయ్యి వేయగలరు. పురుషోత్తం గారూ, ఆ గునపం ఇటు తెండి. మేకులకు పనికొస్తుంది."

పురుషోత్తం గునపం వైపు చూసి, నా వైపు చూసి, ఏడుస్తూ నిచ్చెనెక్కాడు.

ఎనిమిది

గోడలు బయటికి లాగడానికి చోటు లేదు. లోపలికే లాగాలి. ఉబ్బిన పలక ఒక్కోటి పరుపులా లోపలికి వచ్చి మీద పడుతుంటే, దాని కిందినుంచి మనుషుల్ని లాగుతూ పనిచేశాం. పక్కిళ్ళవాళ్ళు, నాకు మధుమేహం ఉందా అని అడిగిన ఆవిడ, అందరూ ఎక్కారు. పని చేస్తూనే మా సంసారమంతా చూసేశారు.

"ఇన్ని ఊరగాయ జాడీలా?" అందొకావిడ.

"ఆ పంచె ఎవరిదండీ, అంత చిరిగింది?" అన్నాడొకాయన.

నాదే. ఇంకో మేకు పీకాను.

కొండ ఈల లావైంది. ఆఖరి పలక ఊడగానే ఇల్లు ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుంది. ఆ పూట అది దానంతట అదే వేసిన మొదటి అడుగు. కుడికాలో ఎడమకాలో చూసుకునే తీరిక ఎవరికీ లేదు.

అలా నడిచాం. గోడలు లేని ఇంట్లో, నడిమధ్య పలకల దొంతర మీద చిన్నత్తగారు స్తంభాన్ని కావలించుకుని కూర్చున్నారు. దండెం మీద బట్టలు అటూ ఇటూ ఊగుతున్నాయి. పొయ్యి మీద పప్పు అలాగే ఉంది, దించడం మర్చిపోయాం. అరచేయి దూరంలో రెండువైపులా కొండ కదిలిపోతోంది. వెనక ఇళ్ళన్నీ వరసగా మా పడగ్గది చూసుకుంటూ నడిచాయి. ఓబుళమ్మ మా అరుగు మీద నిలబడి, "నడూ, నడూ" అని ఇంటిని అదిలిస్తూనే ఉంది.

కనుమ దాటి లోయలో పడ్డాం. అటూ ఇటూ ఏమున్నాయో చూడలేదు. చూరురాయి కిందికి ఇల్లు వెంట ఇల్లు వచ్చి మోకరిల్లింది. మమ్మల్ని ముగ్గుర్నీ, ఓబుళమ్మనీ పురుషోత్తం వాళ్ళింట్లోకి లాక్కున్నాడు. తలుపు సందుల్లో తడిచీరలు కుక్కాం. వాళ్ళవి మామూలు గోడలు, తడికి ఏమీ అనుకోవు.

అప్పుడొచ్చింది గాలి. దాని గురించి చెప్పను. చెప్పడానికి అందులో మాటల్లేవు, మోత తప్ప. సీతారావమ్మ చెయ్యి నాంచారమ్మ పట్టుకుంది, రెండో చెయ్యి పురుషోత్తం పట్టుకున్నాడు. ఓబుళమ్మ ఆవిడ ఎదురుగా కూర్చుని, "నాతో పాటు పీల్చు. నాతో పాటు వదులు" అని గాలి పోయేదాకా చెబుతూనే ఉంది. ఆవిడ పీలుస్తూనే ఉంది, వదులుతూనే ఉంది. మేమంతా కూడా, తెలీకుండానే, అలాగే పీల్చి వదిలాం.

గాలి తగ్గాక సీతారావమ్మ మొదటి మాట అంది. "పప్పు మాడిన వాసనొస్తోంది."

మా పప్పే.

తొమ్మిది

ఇల్లు బతికే ఉంది. స్తంభాలన్నీ నున్నగా, కొత్తగా ఉన్నాయి, గాలి తోమి పెట్టినట్టుంది. మిగతా అంతా ఇసుక. పరుపులో ఇసుక, జాడీల్లో ఇసుక, మాడిన పప్పులో ఇసుక.

ఓబుళమ్మ చీపురుతో వచ్చింది. సాయం చేయడానికొచ్చిందనుకుని నాంచారమ్మ కాఫీ ఇవ్వబోయింది.

"కాఫీ తర్వాత. ఈ ఇసుకంతా వనానిది. ఒక్క రేణువు కూడా బయటికి పోకూడదు."

"పప్పులోది కూడానా?"

"పప్పులోది కూడా."

మధ్యాహ్నం దాకా దులిపాం. పప్పును కడిగి, వడకట్టి, ఇసుక తిరిగి ఇచ్చాం. అది అయ్యాక ఆవిడ మా ఇంట్లో చాప మీద చతికిలబడి కాఫీ తాగింది. గాలికి తలదాచుకున్నది తప్పిస్తే, ఇన్నేళ్ళలో ఎవరి ఇంటి గుమ్మమూ దాటి కూర్చోలేదట. అందరి పాదాలూ తుడిచి పంపడమే గానీ, లోపలికి రమ్మని ఎవరూ అనలేదట.

"మీరు మాత్రం అన్నారా? మీకు గుమ్మం లేదు కాబట్టి వచ్చినా" అంది. నాంచారమ్మ ఆవిడకు రెండో గ్లాసు పోసింది.

గోడల సంగతి పురుషోత్తం చూసుకుంటానన్నాడు. ఎండలో పరిచి, ఆరాక ఒక్కో పలకా పట్టి చూశాడు. అవి అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. ఎలా తిప్పినా ఏ రెండూ కలవలేదు. "వేపుకు తినడానికి తప్ప పనికిరావండీ" అన్నాడు దిగులుగా. తన ఇంట్లోంచి పెళ్ళిపందిరి గుడ్డ తెచ్చి మా స్తంభాలకు చుట్టూ కట్టాడు. ఎర్రది, పసుపు అంచులది. ఇంటికి వెళ్ళేదాకా మేం పెళ్ళిపందిట్లోనే ఉంటాం.

పది

ఇవాళ చూశాం.

లోయంతా రాళ్ళే. ఒకచోట మడతకాజాల్లా పొర మీద పొర, ఎరుపు, గులాబీ, పసుపు. ఒకచోట గొడుగుల్లా సన్నని కాడ మీద పెద్ద తల. ఒకచోట అల లేచి, విరగబోతూ, అలాగే ఆగిపోయింది. నిజంగా అలే. నీళ్ళవైపు నుంచి వచ్చినవాణ్ణి, అలను పోల్చలేనా?

"ఇదంతా ఒకప్పుడు నీళ్ళడుగున ఇసుకే" అంది ఓబుళమ్మ. "దాని మీద ఇంకింత ఇసుక పడి, పడి, గట్టిపడింది."

"అంటే ఓపిక పడితే లంకపాడు కూడా ఇలా అవుతుందా?" అన్నాను.

"అవుతది. నువ్వు మాత్రం సూడవు."

చిన్నత్తగారు ఎవరి కోసమూ ఆగకుండా పెద్ద గుండ్రాయి దగ్గరికి నడిచారు. చుట్టూ తిరిగి చూశారు. అరచేత్తో రాశారు. ఎండకు వెచ్చగా ఉన్నట్టుంది, చెంప ఆనించారు. చాలాసేపటికి వెనక్కి తిరిగి, కళ్ళు తుడుచుకుని, "ఎంత అన్యాయం చేశానే నాంచారీ" అన్నారు.

"బాబాయికా?"

"బాబాయికేంటే? రాయికి. ఇంత చక్కని దాన్ని పట్టుకుని ఆయనతో పోల్చాను."

మేమిద్దరం అల లాంటి రాయెక్కి కూర్చున్నాం. కూర్చోగానే నాకు కళ్ళు తిరిగాయి. పక్కకు చూస్తే నాంచారమ్మ ముఖం పాలిపోయింది. లోయలో ఎక్కడ చూసినా మా వైపువాళ్ళంతా రాళ్ళ మీద బోర్లా పడుకుని, రాయిని గట్టిగా పట్టుకుని ఉన్నారు. పురుషోత్తం ఒక గొడుగురాయి మొదట్లో కూర్చుని డోకుతున్నాడు. సీతారావమ్మ ఆయన వీపు రాస్తోంది.

"ఏమిటిది ఓబుళమ్మా?" అని కేకేశాను.

"ఏం లేదు సామీ. అది కదలడంల్యా. మీకు అలవాటు లేదు. రోంతసేపు అట్లే కూకోండి, సర్దుకుంటది."

నిజమే. పుట్టినప్పటినుంచీ మా కింద ఏదో ఒకటి ఊగుతూనే ఉంది. ఇల్లో, పడవో, బురదో. నిద్రలో కూడా ఊగుతాం. దారిలో దిగినా హడావుడిగా నడుస్తూనే ఉన్నాం గానీ, ఊగనిదాని మీద కదలకుండా కూర్చోవడం ఇదే మొదలు. ఒళ్ళంతా ఊగుడు కోసం వెతుక్కుంటోంది, దొరక్క తూలిపోతోంది.

"పడిపోతానేమో" అంది నాంచారమ్మ.

"ఎక్కడికి పడతావు? కిందే ఉన్నావు కదా."

"మాటలాపి చెయ్యి ఇవ్వండి."

ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది. అలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నాం. రాయి వెచ్చగా ఉంది. దూరంగా చిన్నత్తగారు గుండ్రాయితో ఏదో మాట్లాడుతున్నారు. కళ్ళు తెరిచేసరికి పొద్దు రాళ్ళ వైపు వాలి, మా నీడలు ఎదుటి రాయి దాకా సాగి, దాని మీదికి ఎక్కాయి. మా ఇల్లు చూరు కింద పసుపు అంచుల గుడ్డ కట్టుకుని మోకరిల్లి ఉంది. జనం ఒక్కొక్కరే లేచి, తూలకుండా నడిచి, భోజనాలకు వెళ్ళిపోయారు.

తల తిరగడం నాకు ఎప్పుడో తగ్గిపోయింది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.